పాత ట్రాక్టర్ లిఫ్ట్ గంటలోనే వేడెక్కిపోతోంది, పంపు మార్చాలా?

అడిగిన తమ్ముడు చెప్పింది ముందు నాలుగు మాటల్లో చెబుతాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. బండి 1999 మోడల్, 40 హెచ్‌పీ దరిదాపు. వెనక పనిముట్టుని ఎత్తే హైడ్రాలిక్ లిఫ్ట్‌కి ఆయిల్ తోసేది గేర్ పంపు (రెండు గేర్లు కలిసి తిరిగి ఆయిల్ తోసే రకం). తొమ్మిది పళ్ళ కల్టివేటర్‌తో చెలక దున్నుతుంటే గంట, గంటంబావు తిరిగేసరికి వెనక హౌసింగ్ (గేర్లు, లిఫ్ట్ ఉండే ఇనప పెట్టె) మీద చెయ్యి పెట్టలేనంత వేడి వస్తోంది. ఎత్తి ఉంచితే కల్టివేటర్ తల ఊపినట్టు కిందికీ పైకీ ఆడుతోంది. పూర్తిగా పైకెత్తాక ఈల వేసినట్టు సన్నటి చప్పుడు. టిప్పర్ ట్రాలీ తగిలించిన రోజు వేడి ఇంకా ఎక్కువ. పోయిన ఏడాదే ఆయిల్ మార్చారు. మెకానిక్ చూసి పంపు పోయింది, మార్చాలి అన్నాడు. మార్చాలా?

ఇప్పుడే పంపు మార్చకండి. మీరు చెప్పిన గుర్తుల్లో పంపు పోయిందని చెప్పేది ఒక్కటీ లేదు. తల ఊపడం సిలిండర్ సీలు, వాల్వుల వైపు చూపిస్తోంది. ఈల చప్పుడు రిలీఫ్ వాల్వు (ఒత్తిడి హద్దుకి చేరితే తెరుచుకుని ఆయిల్ వదిలేసేది) వైపు, లివర్ అడ్జస్ట్‌మెంట్ వైపు చూపిస్తోంది. ట్రాలీతో వేడి పెరగడం ఆయిల్ మట్టం తగ్గుతోందని చెబుతోంది. ఈ మూడూ పంపు విప్పకుండా చూడగలిగినవే. మొదటి రోజు చేసే పరీక్షలకు పానాలు కూడా పెద్దగా అక్కర్లేదు.

నేను 27 ఏళ్ళుగా ట్రాక్టర్ పనే చేస్తున్నాను. మొదటి పదేళ్ళు డెల్టాలో వరి మళ్ళలో దమ్ము చేసే బండ్లు, తర్వాత నంద్యాల వైపు రేగడి దున్నే బండ్లు. వేడి అని నా దగ్గరకు వచ్చిన పాత బండ్లలో నిజంగా పంపు మార్చాల్సి వచ్చినవి తక్కువ. కొత్త పంపు వేసినా నెలలోపే మళ్ళీ అదే వేడితో తిరిగొచ్చిన బండ్లు చాలా చూశాను.

కారణం చెబుతాను. ఇది అర్థమైతే మిగతాదంతా మీరే పట్టుకోగలరు.

పంపు ఆయిల్‌ని ఒత్తిడితో తోస్తుంది. ఆ ఒత్తిడి కల్టివేటర్‌ని పైకెత్తితే, అది పనిగా మారింది. ఏమీ ఎత్తకుండానే ఆయిల్ ఏదో సన్నని సందులోంచి దూరి మళ్ళీ హౌసింగ్ లోపలి ఆయిల్ చాంబర్‌లో పడిపోతే, ఆ శక్తి అంతా వేడిగా మారుతుంది. ఇంకో దారి లేదు. లెక్క కూడా తేలిక. ఒత్తిడి బార్‌లలో, ఆయిల్ నిమిషానికి లీటర్లలో తీసుకుని, రెండింటినీ గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. ఉదాహరణకి 170 బార్ దగ్గర రిలీఫ్ తెరుచుకునే బండిలో పంపు నిమిషానికి 20 లీటర్లు తోస్తోందనుకుందాం. 170ని 20తో గుణిస్తే 3400, భాగిస్తే దాదాపు 5.7 కిలోవాట్లు. అంటే నీళ్ళు కాచుకునే 1000 వాట్ల హీటర్లు అయిదారు ఒకేసారి మీ హౌసింగ్‌లో పెట్టినట్టు. 30 లీటర్ల ఆయిల్‌ని ఆ వేడి ఒక్కటే నిమిషానికి ఆరేడు డిగ్రీలు పెంచగలదు. చుట్టూ ఇనుము ఉంది కాబట్టి అంత వేగంగా పెరగదు గానీ, లిఫ్ట్ లివర్ పైకెత్తి అలా వదిలేస్తే పావుగంటలో చెయ్యి పెట్టలేరు.

అందుకే నేను బండి దగ్గరకు వెళ్ళగానే "పంపు ఎలా ఉంది" అని చూడను. పని చేయకుండా ఆయిల్ ఒత్తిడితో ఎక్కడ దూరిపోతోంది అని వెతుకుతాను.

అసలు ఎంత వేడి ఎక్కువ? చెయ్యి పెట్టలేకపోవడం మంచి కొలత కాదు. 55, 60 డిగ్రీల దగ్గరే మనం చెయ్యి తీసేస్తాం. మే నెలలో నీడలోనే 44 డిగ్రీలు ఉన్నప్పుడు వేసవి దుక్కి చేస్తుంటే ఆయిల్ 70, 75కి రావడం నేను మంచి బండ్లలో కూడా చూశాను. 80 దాటి అక్కడే ఉంటోందంటే మాత్రం కారణం వెతకాలి. ఆ వేడి దగ్గర రబ్బరు సీళ్ళు గట్టిపడతాయి, ఆయిల్ పల్చబడుతుంది, నల్లబడుతుంది. పల్చబడిన ఆయిల్ సందుల్లోంచి ఇంకా ఎక్కువ దూరిపోతుంది, దాంతో ఇంకా వేడి. ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోతాయి. మీ దగ్గర పొద్దున బాగానే ఎత్తి మధ్యాహ్నానికి నీరసించడం ఉంటే ఇదే.

టెంపరేచర్ గన్ ఒకటి కొనుక్కోండి, పాత బండి ఉన్న ఇంట్లో అది ఉండాలి. కరోనా టైమ్‌లో నుదుటి మీద పెట్టి చూసిన గన్ ఇంట్లో ఉంటే దాన్ని వాడకండి, అది మనిషి జ్వరం వరకే చూపిస్తుంది. వర్క్‌షాపుల్లో వాడే రకం కావాలి. కొలిచేచోట మట్టి గీకేసి, మెరిసే ఇనుము కాకుండా పెయింటు ఉన్నచోట చూడండి, మెరిసే చోట అంకె తప్పు వస్తుంది.

ఇప్పుడు మొదటి పరీక్ష. వేడి హైడ్రాలిక్‌దేనా? మన పాత బండ్లలో చాలావాటికి గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, హైడ్రాలిక్ అన్నిటికీ ఒకే ఆయిల్. ఎక్కడ వేడి పుట్టినా హౌసింగ్ అంతా వేడెక్కుతుంది, నింద మాత్రం లిఫ్ట్ మీద పడుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వెనక ఏ పనిముట్టూ లేకుండా, లిఫ్ట్ ముట్టుకోకుండా అరగంట రోడ్డు మీద నడపండి. ఆపి హౌసింగ్ కుడి, ఎడమ, పైన లిఫ్ట్ కవర్ దగ్గర కొలవండి. ఒక పక్క మాత్రమే బాగా వేడిగా ఉంటే ఆ వైపు బ్రేకు పట్టేస్తోంది. రెండు బ్రేకు పెడల్స్‌కీ కాస్త ఖాళీ ఆట ఉందో లేదో చూసుకోండి. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులున్న బండిలో ఇది మరీ మోసం చేస్తుంది. బయటికి వాసన రాదు, బండి ఆగిపోదు, ఆయిల్ మాత్రం ఉడుకుతుంటుంది. రోడ్డు మీద అరగంట తిరిగినా పెద్దగా వేడెక్కకపోతే, మీ అనుమానం సరైనదే, లిఫ్ట్ వైపు వెళ్దాం.

రెండోది ఆయిల్. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే సగం జబ్బులు ఇక్కడే దొరుకుతాయి.

బండిని చదునైన చోట పెట్టి, కల్టివేటర్ నేలకు దించి, ఇంజన్ ఆపి పది నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ చూడండి. మట్టం తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. గాలి కలిసిన ఆయిల్ నురగ కడుతుంది, నురగ సరిగ్గా ఎత్తదు, వేడి మాత్రం బాగా పుట్టిస్తుంది. పంపు కూడా మూలిగినట్టు చప్పుడు చేస్తుంది, అది విని పంపు పోయిందని తీర్మానం చేస్తారు.

మీ ట్రాలీ రోజుల్లో వేడి పెరగడానికి కారణం ఇదేనని నా నమ్మకం. టిప్పర్ ట్రాలీ సిలిండర్ పూర్తిగా లేచినప్పుడు అందులోకి వెళ్ళే ఆయిల్ మీ హౌసింగ్‌లోదే. సిలిండర్ సైజుని బట్టి 8 లీటర్లు, 10 లీటర్లు, ఇంకా ఎక్కువ కూడా. మట్టం ముందే గీత కింద ఉంటే, ట్రాలీ సగం లేచేసరికి పంపు పీల్చే గొట్టం మూతి ఆయిల్ పైకి తేలుతుంది. ట్రాలీ ఎత్తి ఉన్నప్పుడు ఆయిల్ మట్టం ఎక్కడుందో ఒక్కసారి చూడండి. డిప్‌స్టిక్‌కి ఆయిల్ అంటకపోతే సమాధానం దొరికినట్టే. అలా చూసేటప్పుడు ట్రాలీ కింద మద్దతు దూలం పెట్టకుండా ఎవరూ దాని కిందికి వెళ్ళొద్దు.

ట్రాలీతో ఇంకో గొడవ ఉంది. ఊళ్ళో ఒకరి ట్రాలీ ఒకరు వాడుకుంటాం. కప్లింగ్ (ట్రాలీ పైపుని బండికి తగిలించే జాయింటు) మూతికి మూత ఉండదు, మట్టిలో పడి ఉంటుంది, గుడ్డతో తుడవకుండానే తగిలిస్తాం. ఆ మట్టి, ఆ ట్రాలీ సిలిండర్‌లో ఉన్న పాత ఆయిల్, నీళ్ళు అన్నీ మీ బండిలోకి వస్తాయి. పోయిన ఏడాది ఆయిల్ మార్చామన్న ధైర్యం అక్కడితో సరి.

రంగు చూడండి. ఆయిల్ పాలు ఎక్కువైన టీలా ఉంటే, గాలి గానీ నీళ్ళు గానీ కలిశాయి. తేడా పట్టడం సులువే. ఒక గాజు సీసాలో తీసి ఉంచండి. అరగంటలో తేటపడితే గాలి. రాత్రంతా ఉంచినా మసకగానే ఉంటే, లేదా అడుగున నీళ్ళు కనబడితే, నీళ్ళు. ఇంకా తొందరగా తెలియాలంటే పాత గరిటెలో రెండు చుక్కలు వేసి కింద మంట చూపించండి. చిటపటమంటే నీళ్ళున్నట్టే. మొహం దూరంగా పెట్టుకోండి.

డెల్టాలో ఉన్నప్పుడు జూన్, జులైల్లో దమ్ము మొదలైన రెండు వారాలకే ఇలాంటి బండ్లు వరసగా వచ్చేవి. ఇనప చక్రాలు వేసుకుని మోకాటి లోతు బురదలో తిరిగితే పీటీఓ షాఫ్ట్ (వెనక యంత్రాలను తిప్పే ఇరుసు) సీలు, ఇరుసు సీళ్ళు, బ్రేకు షాఫ్ట్ సీలు దగ్గర్నుంచి నీళ్ళు లోపలికి పోతాయి. బ్రీతర్ (హౌసింగ్‌కి గాలి ఆడే రంధ్రం) మూత పగిలి ఉంటే అక్కడి నుంచి కూడా. పగలంతా పనిచేసిన వేడి హౌసింగ్‌ని సాయంత్రం కాలవలో దింపి కడిగేవాళ్ళు. చల్లబడేటప్పుడు లోపలి గాలి ముడుచుకుని నీళ్ళని పీల్చేస్తుంది. ఒక రైతు బండిలో ఆయిల్ దింపితే ముందు బిందెడు నీళ్ళు వచ్చాయి, ఆ తర్వాత తెల్లటి గంజిలాంటిది. ఆయన అప్పటికే పంపు మార్పించుకుని ఉన్నాడు. మీది చెలక బండి కాబట్టి నీళ్ళ అవకాశం తక్కువ. అయినా ఆ సీసా పరీక్ష చేయండి, ఖర్చు లేదు.

దమ్ము, దుక్కి ఏదైనా సరే, హౌసింగ్ మీద, లిఫ్ట్ కవర్ మీద ఎండిన మట్టి రెండంగుళాల మందాన ఉంటే గీకేయండి. ఈ పాత బండ్లలో హైడ్రాలిక్‌కి రేడియేటర్ లేదు, ఆ ఇనప ఒళ్ళే దానికి రేడియేటర్. మట్టి కప్పితే దుప్పటి కప్పినట్టు.

మూడోది ఈల చప్పుడు. మీ ప్రశ్నలో నాకు బాగా పనికొచ్చిన మాట ఇదే. కల్టివేటర్‌ని పూర్తిగా పైకెత్తండి, ఇంజన్ 1200, 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచండి. ఈల మొదలయ్యాక పొజిషన్ లివర్‌ని (పనిముట్టు ఎత్తు మార్చే లివర్) ఒక వేలు మందం కిందికి జరపండి. లిఫ్ట్ చేతులు (కల్టివేటర్‌ని ఎత్తే ఇనప చేతులు) దిగకుండానే చప్పుడు ఆగిపోయిందా? అయితే జబ్బు దొరికింది. లివర్ పై గీతకి వచ్చేసరికి, చేతులు పూర్తి ఎత్తుకి చేరగానే లోపలి లింకులు వాల్వుని న్యూట్రల్‌కి (ఎత్తడం ఆగే మధ్య స్థితికి) తేవాలి. పాతికేళ్ళ బండిలో ఆ లింకుల పిన్నులు, రంధ్రాలు అరిగి, ఆ కాస్త తేడాతో వాల్వు న్యూట్రల్‌కి రావడం లేదు. పిస్టన్ చివరికంటా వెళ్ళి తగులుకుని ఉంది, పంపు ఇంకా తోస్తూనే ఉంది, ఆయిల్ రిలీఫ్ వాల్వులోంచి దూకుతోంది. పైన చెప్పిన అయిదారు హీటర్లు వెలిగేది సరిగ్గా ఇక్కడే. దున్నేటప్పుడు ప్రతి మలుపులో కొన్ని సెకన్లు, పొలం నుంచి ఇంటికి వచ్చేటప్పుడు దారంతా.

దీనికి అసలు వైద్యం లింకుల అడ్జస్ట్‌మెంట్, బాగా అరిగితే పిన్నులు మార్చడం. ఈ లోపల ఆపద్ధర్మంగా, లివర్ తిరిగే వంపు పలక (క్వాడ్రంట్) మీద స్టాపర్ నట్టు ఉంటుంది. చప్పుడు ఆగిన చోట దాన్ని బిగించండి, డ్రైవర్ అంతకుమించి ఎత్తలేడు. ఎత్తు మహా అయితే ఒక అంగుళం తగ్గుతుంది, పనికి ఇబ్బంది లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొంతమంది ఈల వినగానే రిలీఫ్ వాల్వు బలహీనపడిందని స్ప్రింగ్ కింద వాషర్లు వేసి బిగిస్తారు. చప్పుడు ఆగుతుంది. కానీ ఒత్తిడి హద్దు దాటిపోతుంది, అప్పుడు పగిలేది పైపో, పంపు బాడీనో, లిఫ్ట్ కవరో. ఒత్తిడి కొలిచే గేజ్ పెట్టి చూడకుండా రిలీఫ్ వాల్వు ముట్టుకోనివ్వకండి. మీ మోడల్‌కి ఎంత ఒత్తిడి ఉండాలో సర్వీస్ పుస్తకంలో ఉంటుంది, ఆ అంకె దగ్గరే తెరుచుకోవాలి. అంతకన్నా బాగా తక్కువకే తెరుచుకుంటుంటే సీటు అరిగిందనో, మధ్యలో మట్టి ఇరుక్కుందనో అర్థం. అప్పుడు మార్చండి.

నాలుగోది తల ఊపడం. కల్టివేటర్ ఎత్తి, ఇంజన్ ఆపేసి, చేతుల చివర నుంచి నేలకు ఎంత ఎత్తుందో టేపుతో కొలవండి. పది నిమిషాల తర్వాత మళ్ళీ కొలవండి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, గంట దున్ని వచ్చాక ఒకసారి.

ఈ పరీక్ష విలువ ఏమిటంటే, మీలాంటి గేర్ పంపు బండిలో ఎత్తిన బరువుని నిలబెట్టడంలో పంపుకి పాత్ర లేదు. ఎత్తడం పంపు పని. నిలబెట్టడం చెక్ వాల్వు (ఆయిల్ వెనక్కి రాకుండా ఆపేది), సిలిండర్ సీలు చేసే పని. కాబట్టి:

పంపు అరిగితే నెమ్మదిగా ఎత్తుతుంది, వేడెక్కితే మరీ నెమ్మదిస్తుంది, రేస్ పెంచితేనే ఎత్తుతుంది. కానీ ఒకసారి ఎత్తాక ఇంజన్ ఆపినా అలాగే నిలబడుతుంది.

సీలు గానీ వాల్వు గానీ కారితే ఎత్తడం బాగానే ఉంటుంది, నిలబడదు. ఇంజన్ ఆపితే దిగిపోతుంది. ఇంజన్ నడుస్తుంటే కాస్త దిగగానే లోపలి లింకు గమనించి వాల్వు తెరుస్తుంది, పంపు మళ్ళీ ఎత్తుతుంది, మళ్ళీ దిగుతుంది. మీరు చూసిన తల ఊపడం అదే. మేం దీన్ని ఎక్కిళ్ళు అంటాం.

ఎక్కిళ్ళు అర నిమిషానికి ఒకటి వస్తే వేడికి పెద్ద కారణం కాదు, సీజన్ అయ్యాక చూసుకోవచ్చు. మూడు నాలుగు సెకన్లకి ఒకటి వస్తుంటే పంపు దాదాపు ఎప్పుడూ బరువు మీదే ఉన్నట్టు, వేడికి అదీ ఒక వాటా. లిఫ్ట్ కవర్ దింపి పిస్టన్ సీలు, ఓరింగులు (రబ్బరు వలయాలు) మార్చాలి. కవర్ దింపినప్పుడు సిలిండర్ లోపలి గోడని వేలితో తడిమి చూడమనండి. గోటికి తగిలే గీత ఉంటే కొత్త సీలు కూడా ఎక్కువ కాలం ఉండదు, సిలిండర్ సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. చెక్ వాల్వు, దించే వాల్వుల సీట్లు కూడా అదే రోజు శుభ్రం చేయించండి. కవర్ రెండుసార్లు దింపడం దండగ.

నేను పని నేర్చుకున్న కొత్తల్లో ఒక రైతు బండికి వేడి, ఎక్కిళ్ళు రెండూ ఉంటే పంపు మార్చాను. వేరుశనగ విత్తే రోజులు, వానపడి పదును ఆరిపోతోంది, ఆయన అప్పు తెచ్చి డబ్బు కట్టాడు. నాలుగో రోజుకి బండి మళ్ళీ వచ్చింది. కవర్ విప్పితే పైపు జాయింట్ దగ్గర ఒక ఓరింగు తెగి ఉంది. టీ ఖర్చు పాటి వస్తువు. నా కూలి డబ్బు తిరిగి ఇచ్చాను గానీ, ఆయన పోగొట్టుకున్న పదును ఇవ్వలేకపోయాను. ఆ రోజు నుంచి ఈ టేపు పరీక్ష చేయకుండా పంపు మీద పానా పెట్టలేదు. మీకు ఇంత పొడుగ్గా రాయడానికి కారణం కూడా అదే.

పాత బండ్లన్నీ ఒక రకం కావు, ఇది చదివే వేరే వాళ్ళ కోసం ఒక మాట. మాస్సీ 1035 లాంటి ఫెర్గూసన్ పద్ధతి బండ్లలో పంపు హౌసింగ్ లోపల ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, పీటీఓ షాఫ్ట్ దాన్ని తిప్పుతుంది, అది నాలుగు పిస్టన్ల పంపు. కంట్రోల్ వాల్వు పంపుకి ఆయిల్ వచ్చే దారిలో ఉంటుంది. న్యూట్రల్‌లో ఆ దారి మూసుకుంటుంది కాబట్టి పంపు తిరుగుతున్నా ఆయిల్ తోయదు, వేడీ పుట్టదు. అలాంటి బండి ఊరికే నిలబడి వేడెక్కుతుంటే లోపల కారుతూ ఉండాలి, లేదా వాల్వు ఇరుక్కుని ఉండాలి. గేర్ పంపు బండ్లలో ఆయిల్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. న్యూట్రల్‌లో తక్కువ ఒత్తిడితో చాంబర్‌లోకి పోతుంది. తిరిగి వచ్చే దారిలో ఏ అడ్డు ఉన్నా అది వేడిగా కనబడుతుంది.

ఆ అడ్డు ఎక్కువగా మనం తర్వాత బిగించిన సామాను దగ్గరే ఉంటుంది. రివర్సిబుల్ నాగలి కోసమో, ముందు డోజర్ (మట్టి తోసే పలక) కోసమో బయట లివర్ వాల్వు బిగిస్తారు. నంద్యాల దగ్గర ఒక బండి రివర్సిబుల్ నాగలి వేసిన రోజు మాత్రమే ఉడికేది. డ్రైవర్‌తో పాటు మడ్గార్డ్ మీద కూర్చుని రెండు చాళ్ళు తిరిగాను. అతను చివర నాగలి తిప్పడానికి లివర్ తోస్తాడు, నాగలి తిరుగుతుంది, లివర్ మాత్రం వెనక్కి రాకుండా గాడిలో ఆగిపోతుంది. చాలు పొడుగునా రిలీఫ్ దూకుతూనే ఉంది. ఇంజన్ హోరులో అతనికి ఈల వినబడలేదు. నాగలి తిరగగానే లివర్ చేత్తో న్యూట్రల్‌కి లాగమని చెప్పాను. అదే వైద్యం, పానా కూడా తీయలేదు. ట్రాలీకి కూడా ఇదే వర్తిస్తుంది. పెట్టె పూర్తిగా లేచాక లివర్ పట్టుకుని కూర్చోకూడదు, లివర్‌కి రాయి కట్టడం, రబ్బరు బిగించడం అసలే వద్దు. బయట వాల్వుకి వేసిన పైపులు సన్నవైనా, మడత పడినా అంతే. చేత్తో కాకుండా గన్‌తో ఆ పైపుల వెంట కొలుచుకుంటూ వెళ్ళండి. ఎక్కడ హఠాత్తుగా పది పదిహేను డిగ్రీలు పెరిగిందో, దాని ముందున్న జాయింట్‌లోనో వాల్వులోనో ఆయిల్ ఇరుకున పడి దూరుతోంది.

పైపుల్లో సన్నటి కారుడు వెతకాల్సి వస్తే వేలితో తడమకండి. ఆ ఒత్తిడి దగ్గర సూదంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి చీమ కుట్టినట్టే ఉంటుంది, లోపల వేలు కుళ్ళిపోతుంది. అట్టముక్క పెట్టి చూడండి. ఒకవేళ అలా జరిగితే నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళి, ఒత్తిడితో ఆయిల్ లోపలికి పోయిందని డాక్టరుకి స్పష్టంగా చెప్పాలి. జాయింట్ ఏది విప్పినా ముందు పనిముట్టు నేలకు దించి, ఇంజన్ ఆపి, లివర్లు రెండుమూడుసార్లు ఆడించి ఒత్తిడి పోనివ్వండి.

ఇక పీల్చే వైపు జాలీ, ఫిల్టర్. ఆయిల్ మార్చారని చెప్పారు గానీ జాలీ కడిగారని చెప్పలేదు. చాలాచోట్ల ఆయిల్ మారుస్తారు, జాలీ వదిలేస్తారు. మడ్డి పట్టి మూసుకుపోయిన జాలీతో పంపు ఆకలితో తిరిగినట్టే. డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు గరగర చప్పుడు వస్తే ఇదే. ఇలా నెలల తరబడి తిరిగితే మంచి పంపు కూడా నిజంగానే పాడవుతుంది. జాలీ తీసి డీజిల్‌లో కడగండి, ఆ డీజిల్‌ని తెల్లగుడ్డలో వడగట్టండి. అయస్కాంతానికి అంటుకునే ఇనప పొడి కొంచెం ఉంటే పాత బండికి మామూలే. అంటని తెల్లటి మెరుపు రేకులు కనబడితే అది అల్యూమినియం. చాలా గేర్ పంపుల బాడీ అల్యూమినియమే కాబట్టి, అప్పుడు పంపు అరిగిపోతోందని నేనూ ఒప్పుకుంటాను. పసుపు మెరుపు ఉంటే బుష్‌లు (షాఫ్ట్ తిరిగే చోట ఉండే కంచు గొట్టాలు) అరుగుతున్నట్టు.

పంపు మార్చాల్సి వస్తే చాంబర్ పూర్తిగా దింపి కడగకుండా కొత్తది పెట్టనివ్వకండి. పాత పంపు రాల్చిన పొడే కొత్త పంపుని తినేస్తుంది.

ఆయిల్ గురించి అడగలేదు గానీ చెప్పాలి. మీ బండి పుస్తకంలో రాసిన గ్రేడే పోయండి. ఎంత పడుతుందో కూడా అందులోనే ఉంటుంది. ఇంజన్‌లోంచి తీసిన కాలిన ఆయిల్ పోసే అలవాటు కొన్ని ఊళ్ళలో ఇంకా ఉంది, అందులో మసి, ఆమ్లం ఉంటాయి, వాల్వులు జిగురు పట్టి ఇరుక్కుంటాయి. వేడెక్కుతోంది కదా అని చిక్కటి ఆయిల్ పోయడం కూడా తప్పే. చలికాలం పొద్దున్నే అది జాలీలోంచి దూరలేక పంపుకి అందదు. ఆయిల్ బ్రేకుల బండి అయితే బ్రేకులకు కూడా పనికొచ్చే ఆయిలే కావాలి, లేకపోతే బ్రేకు కొట్టినప్పుడల్లా కీచుమంటుంది. ఆయిల్ ఇప్పటికే నల్లబడి మాడు వాసన వస్తుంటే గంటల లెక్క చూడకుండా మార్చేయండి, కానీ వేడి కారణం సరిచేశాకే. ముందే మారిస్తే కొత్త ఆయిల్ కూడా మాడుతుంది.

కూలర్ బిగిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. డోజర్ పెట్టి రోజంతా మట్టి ఎత్తే బండికి అవసరమే, అది కూడా తిరుగు పైపు మీద మాత్రమే బిగించాలి, ఒత్తిడి పైపు మీద బిగిస్తే పగులుతుంది. కల్టివేటర్, ట్రాలీ పనికి అక్కర్లేదు. పుట్టిన రోజు నుంచి పాతికేళ్ళు కూలర్ లేకుండా నడిచిన బండి అది.

మీ వరకు నేను చెప్పే వరస ఇది. రేపు పొద్దున ఆయిల్ మట్టం, సీసా పరీక్ష, మట్టి గీకడం. తర్వాత రోడ్డు మీద అరగంట. తర్వాత లివర్ వేలు మందం పరీక్ష, ఈల ఆగితే స్టాపర్ బిగించి ఆ రోజు దున్నండి. సాయంత్రం టేపు పరీక్ష. వీలైతే జాలీ. ఇవన్నీ అయ్యాక మీ మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి, ఆయన మీద కోపం వద్దు. వేడిగా ఉన్న బండిని పది నిమిషాలు చూసి చెప్పమంటే ఎవరైనా పంపే అంటారు. గేజ్ ఉంటే పెట్టించి ఒత్తిడి చూడమనండి.

నాకు మూడు సంగతులు కావాలి: పది నిమిషాల్లో చేతులు ఎన్ని అంగుళాలు దిగాయి (చల్లగా, వేడిగా), లివర్ జరిపాక ఈల ఆగిందా లేదా, స్టాపర్ బిగించి గంట దున్నాక లిఫ్ట్ కవర్ మీద ఎన్ని డిగ్రీలు. ఇవి ఇక్కడే రాయండి. కవర్ దింపాలా, లింకులు సరిచేస్తే చాలా అన్నది అప్పుడు గట్టిగా చెప్పగలను.